తీగల కథ – 7వ భాగం: బస్సు వేగం, తీగ ఆలస్యం

కిందటి భాగంలో హార్డ్‌డిస్కు కంప్యూటర్ పెట్టెలో ఎలా స్థిరపడిందో చెప్పుకున్నాం. 1979లో షుగార్ట్ అసోసియేట్స్ తన అవసరం కోసం తయారుచేసుకున్న సాసీ, 1986 నాటికి స్కజీ పేరుతో అందరి ప్రమాణం అయింది. దాదాపు అదే సమయంలో కాంపాక్, వెస్ట్రన్ డిజిటల్ వంటి సంస్థలు ఐడీఈ అనే చవక దారి వేశాయి. సర్వర్లూ ఆపిల్ యంత్రాలూ స్కజీ వాటాకు వచ్చాయి, మామూలు పీసీలు ఐడీఈ వాటాకు పోయాయి. పంపకం బాగానే జరిగింది. అయితే ఆ ఒప్పందమంతా పెట్టె లోపలి సంగతి. డిస్కులో ఉన్న సరుకును బయటికి తీసి, ఇంకో ఊళ్లో ఇంకో పెట్టెలో పోయాలంటే ఏది దారి?

ఈ భాగంలో ఆ దారి కోసం జరిగిన పోటీ చూద్దాం. కాలం 1994 నుంచి 2004 దాకా. కథ నడిచేది బెజవాడలో, ఉయ్యూరులో, హైదరాబాదులో. మధ్యమధ్య అమెరికా వెళ్లి వస్తాం.

24 ఫ్లాపీల ముఖచిత్రం

తెలుగు అచ్చుకు బెజవాడ పాత రాజధాని. విశాలాంధ్ర ప్రచురణాలయం ఇక్కడే పుట్టింది. ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే మొదలైంది. 1989 నుంచి ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం జరుగుతోంది. ఇంటర్ కాలేజీల స్టడీ మెటీరియలూ, పెళ్లి శుభలేఖలూ, సినిమా కరపత్రాలూ, ఎరువుల కంపెనీల క్యాలెండర్లూ అన్నీ ఈ ఊరి ప్రెస్సుల్లోనే అచ్చయ్యేవి. 1990ల్లో సీసం అక్షరాలు మూలపడి, వాటి చోటికి డీటీపీ వచ్చింది. గవర్నర్‌పేట, సూర్యారావుపేట సందుల్లో చిన్న గదులు, ఒక్కో గదిలో రెండు మూడు కంప్యూటర్లు, పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు, తెల్లారేదాకా మోగే కీబోర్డులు.

అక్షరాలతో పేచీ లేదు. రెండొందల పేజీల నవల మొత్తం ఒకటో రెండో ఫ్లాపీల్లో పట్టేది. చిక్కంతా రంగుల దగ్గర వచ్చింది. ఏ4 సైజు ముఖచిత్రాన్ని అచ్చుకు పనికొచ్చేలా అంగుళానికి 300 చుక్కల చొప్పున నాలుగు రంగుల్లో స్కాన్ చేస్తే, ఆ ఒక్క బొమ్మ దగ్గర దగ్గర 35 మెగాబైట్లు తూగుతుంది. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. అంటే ఒక్క అట్టకు 24 ఫ్లాపీలు.

డిజైన్ చేసిన గది ఒకచోట, ఫిల్మ్ తీసే యంత్రం ఇంకోచోట. కుర్రాడు ఫైలును పీకేజిప్‌తోనో ఏఆర్‌జేతోనో కుదించి, ముక్కలు చేసి, ఫ్లాపీల మీద వరసగా నెంబర్లు వేసి, రబ్బరు బ్యాండు చుట్టి, సైకిలు మీద తీసుకుపోయేవాడు. అక్కడ 17వ ఫ్లాపీ చదవనని మొరాయిస్తే మిగతా 23 ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మళ్లీ వెనక్కి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వానాకాలం వెళ్లేసరికి పాత ఫ్లాపీల పళ్లేలకు బూజు పట్టేది. అది ఫ్లాపీతో పోయినా బాగుండేది, చదివే డ్రైవు తలకు కూడా అంటుకుని పక్క ఫ్లాపీలనూ పాడుచేసేది. అందుకే అనుభవమున్న ఆపరేటర్లు ముఖ్యమైన పని ఏదైనా రెండు సెట్లు కాపీ చేసేవారు.

ఉయ్యూరు నుంచి గంట ప్రయాణం

బెజవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉయ్యూరు. చెరకు ఊరు. కేసీపీ చక్కెర కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు. ఆ కర్మాగారాన్ని నిలబెట్టిన వెలగపూడి రామకృష్ణ పేరు మీదే, అదే రోడ్డు మీద కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వెలసింది. ఉయ్యూరులో 1975లో ఏర్పడిన డిగ్రీ కాలేజీ పేరులో చెరకు రైతుల పేరూ ఉంది. పంట డబ్బు చదువులోకి పారడం ఈ రోడ్డుకు అలవాటే. 1990లు వచ్చేసరికి ఆ చదువు కంప్యూటర్ల వైపు తిరిగింది. ఉయ్యూరు, కంకిపాడు, పామర్రు లాంటి ఊళ్లలోనూ డీటీపీ బోర్డులూ కంప్యూటర్ కోచింగ్ బోర్డులూ లేచాయి.

ఈ ఊళ్లలో శుభలేఖ డిజైన్ చేయొచ్చు గానీ, నాలుగు రంగుల అచ్చు కావాలంటే బెజవాడ పోవాల్సిందే. ఫోన్ తీగ మీద పంపుదామా? ఆనాటి మేటి మోడెం వేగం సెకనుకు 56 కిలోబిట్లు. అది కాగితం మీది మాట, మన లైన్ల మీద అంత వచ్చేది కాదు. కాగితం లెక్కే నిజమనుకున్నా, 35 మెగాబైట్ల అట్ట బొమ్మ చేరడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో లైన్ తెగితే మొదటికి. అదే ఆర్టీసీ బస్సులో ఫ్లాపీల సంచి గంటకే చేరుతుంది.

పెళ్లి వీడియో లెక్క తీస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1995 తర్వాత వచ్చిన మినీ డీవీ క్యాసెట్టులో గంట రికార్డు చేస్తే అది 13 గిగాబైట్ల సమాచారం. ఆ ఒక్క క్యాసెట్టును జేబులో వేసుకుని ఉయ్యూరులో బస్సెక్కి గంటకు బెజవాడలో దిగిన మనిషి, సెకనుకు 29 మెగాబిట్ల వేగంతో సమాచారం మోసినట్టు. అదే సరుకు 56 కిలోబిట్ల మోడెం మీద పంపితే 21 రోజులు దాటుతుంది.

కాబట్టి దూరం అసలు సమస్య కాదు. 30 కిలోమీటర్లను బస్సు తేలిగ్గానే మింగేసింది. ఆలస్యమంతా ఆఖరి మీటరులో, సంచిలోంచి తీసిన వస్తువుకూ కంప్యూటర్‌కూ మధ్యనున్న తీగలో. చక్కెర ఫ్యాక్టరీకి ఎన్ని ఊళ్ల నుంచి ఎన్ని చెరకు బళ్లు వచ్చినా, రోజుకు ఎంత గానుగలోకి పోయేదీ గేటు దగ్గరి కాటా తేల్చినట్టే, ఇక్కడ పని ఎంత సాగేదీ ఆ మీటరు తీగే తేల్చింది.

వెనక ఉన్న రెండు పోర్టులు

ఆనాటి పీసీని వెనక్కి తిప్పి చూస్తే బయటి ప్రపంచానికి రెండే ముఖ్యమైన దారులు. ఒకటి సీరియల్ పోర్టు. దాని మూలాలు 1960 నాటి ఆర్‌ఎస్-232 ప్రమాణంలో ఉన్నాయి. మోడెం, మౌసు దానికి తగిలించేవారు. రైసు మిల్లుల్లో వే బ్రిడ్జి తూకం కంప్యూటర్‌లోకి వచ్చేదీ ఈ దారినే. మామూలు పీసీలో దాని గరిష్ఠ వేగం సెకనుకు 1,15,200 బిట్లు. రెండోది ప్యారలల్ పోర్టు, 25 పిన్నులది, ప్రింటరు కోసం పెట్టినది. 1970లో సెంట్రానిక్స్ అనే ప్రింటర్ల సంస్థ వాడిన పద్ధతినే ఐబీఎం 1981లో తన పీసీకి తెచ్చుకుంది. ఒక్కసారికి ఎనిమిది బిట్లు పక్కపక్కన నడుస్తాయి గనుక కాస్త వేగం ఎక్కువ, సెకనుకు 150 కిలోబైట్ల దాకా.

మన అట్ట బొమ్మను సీరియల్ తీగ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపితే 50 నిమిషాలు. ప్యారలల్ మీద ఆ గరిష్ఠ వేగం అందితే 4 నిమిషాలు. అందుకే అందరూ ప్రింటరు పోర్టు మీద పడ్డారు. రెండు కంప్యూటర్లను కలిపే ల్యాప్‌లింక్ కేబుల్ దానికే. 1993లో వచ్చిన డాస్ 6లో ఇంటర్‌లింక్ ప్రోగ్రామ్ వాడేదీ ఈ పోర్టులనే. 1994లో ఐఈఈఈ 1284 ప్రమాణం వచ్చాక ఆ పోర్టు రెండువైపులా వేగంగా మాట్లాడటం నేర్చింది, సెకనుకు 2 మెగాబైట్ల దాకా.

ఆ మరుసటేడు ఐయోమెగా సంస్థ జిప్ డ్రైవు తెచ్చింది. ఒక్కో డిస్కులో 100 మెగాబైట్లు. 24 ఫ్లాపీల అట్ట బొమ్మలు రెండు అందులో హాయిగా పడతాయి. స్కజీ పోర్టుకు తగిలించేది ఒకటి, ప్రింటరు పోర్టుకు తగిలించేది ఇంకొకటి. స్కజీ కార్డు విడిగా కొనాలి, ప్రింటరు పోర్టు ప్రతి కంప్యూటర్‌కూ ఉంది. మన ఊళ్లలో దేనికి గిరాకీ ఉంటుందో వేరే చెప్పాలా?

అప్పటి డీటీపీ కంప్యూటర్ వెనక భాగం చూడముచ్చటగా ఉండేది. కొన్ని తెలుగు ప్యాకేజీలు దొంగ కాపీలు ఆపడానికి హార్డ్‌వేర్ లాక్ ఇచ్చేవి. అది ప్రింటరు పోర్టుకు తగిలించాలి. లాక్ వెనక జిప్ డ్రైవు, జిప్ డ్రైవు వెనక ప్రింటరు. ఒకదాని తోక ఒకటి పట్టుకుని మూడూ ఒకే దారిలో నిలబడేవి. జిప్ డ్రైవు చదువుతుంటే ప్రింటరు ఆగాలి. ఒక్కోసారి లాక్ కనబడలేదని ఫాంటు తెరుచుకునేది కాదు. ఏది పీకాలన్నా కంప్యూటర్ ఆపాల్సిందే. కరెంటు ఉండగా పీకితే పోర్టు కాలిపోవచ్చు, అప్పుడు రిపేరు ఖర్చు చేతి చమురు. ఇంకో వస్తువు తగిలించాలంటే లోపల కార్డు పెట్టాలి, ఆ కార్డుకు ఖాళీగా ఉన్న ఐఆర్‌క్యూ నెంబరు వెతికి జంపర్లు మార్చాలి. ఈ విద్య తెలిసిన హార్డ్‌వేర్ కుర్రాడికి బజారులో డాక్టరుకున్నంత మర్యాద.

ఏడు కంపెనీల పొత్తు

ఈ చికాకు మనది మాత్రమే కాదు. ఇంటెల్‌లో పనిచేస్తున్న అజయ్ భట్ ఇంట్లోనూ ఇదే. బరోడాలో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లిన గుజరాతీ ఆయన. ఇంట్లో ప్రింటరు తగిలించడానికి భార్య పడిన తిప్పలు చూసి, గోడకు ప్లగ్ పెట్టినంత తేలిగ్గా కంప్యూటర్‌కు వస్తువులు ఎందుకు తగిలించలేమన్న ఆలోచన వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

1994లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, కాంపాక్, ఐబీఎం, డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఎన్‌ఈసీ, నార్తర్న్ టెలికాం అనే ఏడు సంస్థలు చేతులు కలిపాయి. 1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 ప్రమాణం వెలువడింది. వేగం సెకనుకు 12 మెగాబిట్లు, కీబోర్డు, మౌసు లాంటివాటికి 1.5 మెగాబిట్లు. ఒకే దారి మీద 127 వస్తువుల దాకా తగిలించవచ్చు. కరెంటు ఉండగానే పెట్టొచ్చు, తీయొచ్చు. చిన్న వస్తువులకు కరెంటు కూడా ఆ తీగలోనే వస్తుంది.

దాని రూపకర్తలు అడుగడుగునా చూసుకున్నది ఖర్చు. తెలివంతా కంప్యూటర్ వైపు పెట్టి, అవతలి వస్తువులో చవక చిప్పు చాలనేలా చేశారు. ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా ఎక్కేలా చేయవచ్చు గానీ అందుకు తీగలూ సర్క్యూట్లూ పెరుగుతాయని ఒకవైపే ఎక్కేలా ఉంచారు. చీకట్లో ప్లగ్గు పెట్టలేక మనం పడ్డ అవస్థంతా ఆ పొదుపు ఫలితమే. ఈ ప్రమాణం వాడుకున్నందుకు పోర్టుకింత అని రాయల్టీ కట్టమని ఇంటెల్ అడగలేదు. దీని విలువ తర్వాత తెలుస్తుంది.

మొదటి రెండేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. కంప్యూటర్ వెనక రెండు కొత్త పోర్టులు ఉండేవి, వాటికి తగిలించే వస్తువు ఉండేది కాదు. విండోస్ 95లో దానికి మద్దతు అరకొరగానే దొరికింది. 1998 ఏప్రిల్‌లో షికాగో కామ్‌డెక్స్ ప్రదర్శనలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగా, సహచరుడు విండోస్ 98 గొప్ప చూపించడానికి స్కానరును యూఎస్‌బీకి తగిలించాడు. వేలమంది ముందు తెర నీలంగా మారి కంప్యూటర్ కుప్పకూలింది.

యూఎస్‌బీని బతికించింది పోటీ సంస్థే. 1998 ఆగస్టులో ఆపిల్ అమ్మకానికి పెట్టిన ఐమ్యాక్‌లో ఫ్లాపీ లేదు, స్కజీ లేదు, పాత పోర్టులేవీ లేవు. ఉన్నది యూఎస్‌బీ మాత్రమే. తగిలించేదేదైనా ఇక ఆ దారిలోనే రావాలి. ప్రింటర్లు, స్కానర్లు, జిప్ డ్రైవులు తయారుచేసేవాళ్లకు గత్యంతరం లేకపోయింది. ఒకసారి తయారయ్యాక అవే వస్తువులు విండోస్ వాళ్లకూ అమ్ముడుపోయాయి.

పెళ్లి క్యాసెట్టు తెచ్చిన తీగ

అదే ఆపిల్ దగ్గర ఇంకో తీగ ఉంది, పేరు ఫైర్‌వైర్. 1986లో మొదలైన ఆ పని 1995లో ఐఈఈఈ 1394 ప్రమాణంగా ముగిసింది. వేగం సెకనుకు 400 మెగాబిట్లు, అంటే ఆనాటి యూఎస్‌బీకి 33 రెట్లు. మధ్యలో కంప్యూటర్ లేకుండానే రెండు పరికరాలు నేరుగా మాట్లాడుకోగలవు. సోనీ దాన్ని ఐలింక్ పేరుతో తన డిజిటల్ కెమెరాల్లో పెట్టింది.

బెజవాడకు ఫైర్‌వైర్ వచ్చింది కంప్యూటర్ పత్రికలు చదివి కాదు, పెళ్లిళ్ల వల్ల. మినీ డీవీ కెమెరాలు వచ్చాక మిక్సింగ్ చేసేవాళ్లు కంప్యూటర్ల వైపు మళ్లారు. క్యాసెట్టులోని బొమ్మ నాణ్యత తగ్గకుండా కంప్యూటర్‌లోకి రావాలంటే సెకనుకు 25 మెగాబిట్లకు పైగా నిలకడగా పారాలి. 12 మెగాబిట్ల యూఎస్‌బీకి అది తలకు మించిన పని. ఆ రోజుల్లో కెమెరాకు యూఎస్‌బీ పోర్టు ఉన్నా అది ఫొటోలకే. వీడియోకు ఫైర్‌వైర్ కార్డు కొనక తప్పదు. గంట క్యాసెట్టు ఎక్కడానికి గంట పట్టేది, ఎందుకంటే కెమెరా టేపును మామూలు వేగంతోనే తిప్పుతుంది. ఆ గంటలో ఎవరూ కంప్యూటర్‌ను ముట్టుకోకూడదు. మధ్యలో డిస్కు తడబడితే సరిగ్గా తలంబ్రాల దగ్గర నాలుగు ఫ్రేములు ఎగిరిపోతాయి. శ్రావణంలో, మాఘంలో ముహూర్తాలు ముసురుకున్నప్పుడు ఈ గదుల్లో రాత్రీ పగలూ క్యాసెట్లు తిరుగుతూనే ఉండేవి. మూడు పూటల పెళ్లికి ఐదారు క్యాసెట్లు, అంటే 65 నుంచి 78 గిగాబైట్లు. ఆనాటి డిస్కుల్లో ఒక్క పెళ్లికే చోటు చాలదు. ఒక పెళ్లి డెలివరీ ఇచ్చి, చెరిపేశాకే ఇంకో పెళ్లి ఎక్కించేవారు.

ఇంత సత్తా ఉన్న ఫైర్‌వైర్ ఎలా ఓడింది? అక్కడే కథ మలుపు తిరిగింది. 1999 మొదట్లో ఆపిల్ తన పేటెంట్ల వాటా కింద పోర్టుకు ఒక డాలరు కావాలంది. ఒక కంప్యూటర్‌కు రెండు పోర్టులు, డ్రైవుకు రెండు, కెమెరాకు ఒకటి. ఎన్ని పోర్టులో అన్ని డాలర్లు. తయారీదారులు గగ్గోలు పెట్టారు. పేటెంట్లున్న సంస్థలన్నీ కలిసి చివరికి పరికరానికి 25 సెంట్లకు దిగివచ్చాయి. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఇంటెల్ తన చిప్‌సెట్లలో యూఎస్‌బీని ఉచితంగా కలిపి ఇస్తోంది, ఫైర్‌వైర్‌కు అందులో చోటు ఇవ్వలేదు. ఒకటి ప్రతి మదర్‌బోర్డుతో దానంతట అదే వస్తుంది, ఇంకొకటి విడిగా కార్డు కొనుక్కోవాలి.

2000 ఏప్రిల్‌లో యూఎస్‌బీ 2.0 వచ్చింది. 480 మెగాబిట్లు. అంకెల్లో ఫైర్‌వైర్‌ను దాటింది. వాడకంలో మాత్రం పెద్ద ఫైళ్లు ఫైర్‌వైర్ మీదే త్వరగా వెళ్లేవి, ఎందుకంటే యూఎస్‌బీలో ప్రతి మాటకూ కంప్యూటర్ అనుమతి కావాలి. ఆ సంగతి మిక్సింగ్ గదుల్లో వాళ్లకు తెలుసు, బజారుకు అక్కర్లేదు. 2001లో ఫైర్‌వైర్‌కు అమెరికా టెలివిజన్ అకాడమీ ఇంజనీరింగ్ ఎమ్మీ దక్కింది. అదే ఏడు అక్టోబరులో వచ్చిన తొలి ఐపాడ్ ఫైర్‌వైర్‌తోనే పాటలు ఎక్కించుకుంది. కొన్నేళ్లకు ఐపాడ్ కూడా యూఎస్‌బీకి మారిపోయింది.

హైదరాబాదు వేసిన వంతెన

కొత్త తీగ గెలిచినప్పుడల్లా పాత వస్తువులు అనాథలవుతాయి. 2000 తర్వాత వచ్చిన కంప్యూటర్లలో పాత పోర్టులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ల్యాప్‌టాపుల్లో మరీ ముందుగా పోయాయి. మన దగ్గర చూస్తే కొట్టుకొట్టుకూ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. 1998 నవంబరులో కార్డ్ పథకం మొదలై సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు కంప్యూటర్లలోకి మారాయి. బెజవాడ నగరపాలక సంస్థ 'వాయిస్' పేరుతో పన్నులూ ధ్రువపత్రాలూ కంప్యూటర్ మీదికి తెచ్చింది. బిల్లులు, రసీదులు, తూకం చీటీలు అన్నీ పాత పోర్టుల మీదే నడుస్తున్నాయి. కంప్యూటర్ పాడైందని కొత్తది కొంటే, దానికి ప్రింటరు ఎక్కదు, కాటా ఎక్కదు, తెలుగు ఫాంటు లాక్ ఎక్కదు.

సరిగ్గా ఈ ఖాళీలోకి వచ్చింది ఒక హైదరాబాదు సంస్థ. 1999లో కె. రామచంద్రారెడ్డి స్థాపించిన మాస్‌చిప్ సెమీకండక్టర్ టెక్నాలజీ. ఆ ముందటేడు నవంబరులోనే ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం, 2000 సంవత్సరం బగ్గు పని, అమెరికా వీసాలు. అలాంటి రోజుల్లో చిప్పులు చేస్తామని బోర్డు పెట్టడం ఏటికి ఎదురీదడమే. దేశంలో చిప్పుల తయారీ అంటే మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ కాంప్లెక్స్ గుర్తొచ్చేది, అది 1989 అగ్నిప్రమాదంలో కాలిపోయి వెనకబడిపోయింది. మాస్‌చిప్ ఆ జోలికి పోలేదు. నక్షా గీయడం తన పని, చిప్పు పోత పోయడం బయటి ఫౌండ్రీ పని. ఈ తరహా సంస్థల్లో మన దేశపు స్టాక్ మార్కెట్‌కెక్కిన మొదటిది మాస్‌చిప్.

ఎంచుకున్న సరుకు గొప్పగా చెప్పుకునేది కాదు. నెట్‌మాస్, మాస్‌చిప్ పేర్లతో వచ్చిన ఆ చిప్పులు కొత్త దారికీ పాత దారికీ మధ్య దుబాసీలు. 9805 చిప్పు మదర్‌బోర్డు మీది పీసీఐ స్లాటులోంచి ఒక ప్రింటరు పోర్టు ఇస్తుంది. 9835 రెండు సీరియల్ పోర్టులూ ఒక ప్రింటరు పోర్టూ ఇస్తుంది. 7705 యూఎస్‌బీని ప్రింటరు పోర్టుగా మారుస్తుంది. 7720 రెండు సీరియల్ పోర్టులు, 7840 నాలుగు సీరియల్ పోర్టులు ఇస్తాయి. 7830 అయితే యూఎస్‌బీ 2.0 తీగలోంచి నెట్‌వర్కు దారి తీస్తుంది. పేరు ఊరు లేని కార్డుల మీద, వైరు చివరి ప్లాస్టిక్ మూతల్లో ఇవి ప్రపంచమంతా తిరిగాయి. లినక్స్ కంప్యూటర్‌లో అలాంటి కార్డు పెడితే 9710 అనే గుర్తింపు సంఖ్యతో మాస్‌చిప్ పేరు తెర మీద కనిపిస్తుంది. mos7840 లాంటి డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లో చోటు సంపాదించుకున్నాయి.

బెజవాడ దుకాణదారులు సామాను కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవారు. రాత్రి బస్సులో పోయి, పగలంతా కొని, సాయంత్రం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లోనో రాత్రి బస్సులోనో తిరిగొచ్చేవారు. ఆ సంచుల్లో వచ్చిన విదేశీ కార్డుల్లో కొన్నింటి మీది చిప్పు హైదరాబాదు పేరుదేనని కొన్నవాళ్లలో ఎందరికి తెలుసు?

వీటితో తిప్పలు లేవని కాదు. పాత డాస్ బిల్లింగ్ ప్రోగ్రాములు ప్రింటరును 378 అనే చిరునామాలోనే వెతికేవి. పీసీఐ కార్డు వేరే చిరునామాలో కూర్చునేది. విండోస్‌కు కనిపించే ప్రింటరు డాస్‌కు కనిపించేది కాదు. హార్డ్‌వేర్ లాకులదీ అదే పేచీ. మళ్లీ హార్డ్‌వేర్ కుర్రాడికి కబురు. అయినా ఆ కార్డు ఖరీదు, కొత్త ప్రింటరూ కొత్త కాటా కొనడంతో పోలిస్తే లెక్కలోనిది కాదు. పదేళ్ల పాత యంత్రం ఇంకో పదేళ్లు అన్నం పెట్టింది.

ఈ వ్యాపారంలో లాభం పల్చన, పోటీ చిక్కన. తైవాన్ సంస్థలు అదే పని ఇంకా చవగ్గా చేశాయి. 2010ల మొదట్లో మాస్‌చిప్ ఈ పోర్టు చిప్పుల శాఖను తైవాన్‌కు చెందిన ఆసిక్స్ సంస్థకు ఇచ్చేసి, డిజైన్ సేవల వైపు మళ్లింది. ఆ చిప్పులు ఇప్పుడు ఆసిక్స్ పేరుతో దొరుకుతున్నాయి.

బొటనవేలంత డిస్కు

2000 సంవత్సరం చివర్లో ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ తయారుచేసిన డిస్క్ ఆన్ కీ అమెరికాలో ఐబీఎం ద్వారా అమ్మకానికి వచ్చింది. సింగపూర్ సంస్థ ట్రెక్ తన థంబ్ డ్రైవుతో అదే ఏడు రంగంలో ఉంది. తొలి పెన్‌డ్రైవులో పట్టేది 8 మెగాబైట్లు. ఐదు ఫ్లాపీల కంటే కాస్త ఎక్కువ. ధర చూస్తే గుండె గుభేలు. కానీ బూజు పట్టదు, కరెంటు తీగ అక్కర్లేదు, విండోస్ 2000 నుంచి డ్రైవరు సీడీ కూడా అడగదు. రెండు మూడేళ్లలో 64, 128, 256 మెగాబైట్లకు పెరిగింది. 24 ఫ్లాపీల అట్ట బొమ్మ జేబులోకి వచ్చేసింది. పాత యూఎస్‌బీ మీద అర నిమిషం పైచిలుకు, 2.0 మీద కొన్ని సెకన్లు.

జిప్ డ్రైవు కథ అక్కడితో ముగిసింది. కొత్త కంప్యూటర్లలో ఫ్లాపీ డ్రైవు లేకుండా పోయింది. డీటీపీ గదుల్లో సైకిలు కుర్రాడి మెడలో తాడుకు పెన్‌డ్రైవు వేలాడింది. ఆ వెనకే మెమరీ కార్డులు, కార్డు రీడర్లు వచ్చాయి. ఉయ్యూరు బస్టాండు దగ్గర సెల్ షాపుల్లో సినిమా పాటలు ఎక్కించడం ఒక వ్యాపారమైంది. ఆ వెనకే వైరస్‌లూ వచ్చాయి. పెన్‌డ్రైవు పెట్టగానే దానంతట అదే తెరుచుకునే విండోస్ సదుపాయాన్ని పట్టుకుని అవి కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకాయి. ఒకప్పుడు ఫ్లాపీకి బూజు పట్టేది, ఇప్పుడు పెన్‌డ్రైవుకు వైరస్ పట్టింది. రెండూ తిరిగింది చేతుల మీదుగానే.

పదేళ్ల పోటీ తేల్చిన తీర్పు ఇది. జిప్ డ్రైవులో ఎక్కువ పట్టేది, ఓడింది. ఫైర్‌వైర్ వేగంగా పారేది, ఓడింది. అడగకుండా ప్రతి కంప్యూటర్‌తో వచ్చిన యూఎస్‌బీ, మొదట్లో నత్త నడక నడిచినా, గెలిచింది. దాని గెలుపు వెనక మాస్‌చిప్ లాంటి దుబాసీ చిప్పుల పాలు తక్కువేం కాదు. పాత ప్రింటరూ పాత కాటా పారేయక్కర్లేదన్న భరోసా లేకుంటే, మన చిన్న ఊళ్లు అంత త్వరగా కొత్త కంప్యూటర్ కొనేవి కావు. వేగం గెలిచే ముందు ఖర్చు గెలవాలని బెజవాడ బజారుకు ఎప్పటి నుంచో తెలుసు. సిలికాన్ వ్యాలీకి తెలియడానికి పదేళ్లు పట్టింది.

ఈ గొడవంతా పెట్టె బయట జరుగుతుండగా, పెట్టె లోపల ఐడీఈ డిస్కుకు ఊపిరి ఆడటం మానేసింది. వేగం కోసం 40 తీగల రిబ్బనును 80 తీగలు చేశారు, అయినా చాల్లేదు. 2003 నుంచి మార్కెట్లోకి వచ్చిన సాటా ఆ రిబ్బనును తీసి పారేసి, 7 పిన్నులతోనే అంతకు మించిన వేగం సాధించింది. తీగలు తగ్గితే వేగం ఎలా పెరిగిందో, ఆ సాటాను 2011లో పుట్టిన ఎన్‌వీఎంఈ ఎందుకు పక్కకు నెట్టిందో వచ్చే భాగంలో చూద్దాం.